విదేశీ సహాయం – మెట్టప్రాంతపు బావి

1. విషయ ప్రవేశం

ప్రపంచ బ్యాంకు ఇన్ని కోట్ల డాలర్లు మంజూరు చేసినదనీ, ఫలానా దేశం ఫలానా పథకానికి తోడ్పడినదనీ మనం దినపత్రికలలో చదువుతూ ఉంటాం. ఆ ధనం ఏ దారిన వచ్చినది, ఎవరి చేతికి చేరినది, దానిని తీర్చవలసినవారు ఎవరు, పథకం ముగిసిన పిదప గ్రామంలో మిగిలినదేమిటి అనే ప్రశ్నలు మాత్రం సామాన్యంగా మన దృష్టికి రావు. అర్థశాస్త్ర పాఠ్యగ్రంథాలలో ఈ విషయం విదేశీ మారకం అనే అధ్యాయం చివర కొద్ది పుటలలో ముగుస్తుంది. పరీక్షకు అంతమాత్రం చాలవచ్చును. రామన్నపేట వంటి ప్రాంతంలో పుట్టి పెరిగిన విద్యార్థికి అది చాలదు.

రామన్నపేట పూర్వం నల్లగొండ జిల్లాలో ఒక తాలూకా కేంద్రం. 2016 అక్టోబరులో జిల్లాల పునర్వ్యవస్థీకరణ జరిగినప్పుడు యాదాద్రి భువనగిరి జిల్లాలో చేరినది. ఇక్కడి నుండి దక్షిణంగా దేవరకొండ మీదుగా మహబూబ్‌నగర్ జిల్లా వరకు గల నేల చాలావరకు రాతి పొరలపై పలుచగా పరచుకొన్న మెట్టభూమి. వర్షం తక్కువ, అదీ నిలకడ లేనిది. అందుచేత ఈ ప్రాంతానికి అభివృద్ధి పేరిట వచ్చిన ధనంలో గణనీయమైన భాగం నీటి కొరకే వచ్చినది. కాబట్టి విదేశీ సహాయాన్ని పరిశోధించదలచినవారు రాజధానులలోని కార్యాలయాల నుండి కాక మన ఊరి బావి నుండి బయలుదేరుట మేలని మా అభిప్రాయం. ఆ అభిప్రాయానికి గల ఆధారాలను, పరిశోధనకు అనువైన మార్గాలను ఈ వ్యాసంలో వివరించుటకు ప్రయత్నిస్తున్నాం.

2. సహాయమా? రుణమా?

ముందుగా మాటల అర్థాన్ని నిర్ణయించుకోవాలి. ఉర్దూలో ‘ఇమ్దాద్’ అంటే సహాయం, ‘కర్జ్’ అంటే అప్పు. ఈ రెండింటి భేదం పసిపిల్లలకు కూడా తెలిసినదే. అయినను విదేశీ ధనం విషయానికి వచ్చేసరికి అప్పు కూడా ‘ఇమ్దాద్’ అనే పేరుతోనే వ్యవహారంలోకి వస్తున్నది. తెలుగులోనూ ఇదే పరిస్థితి. ప్రపంచ బ్యాంకు ‘సహాయం’ అని మనం వ్రాసేది చాలా సందర్భాలలో రుణమే.

ఈ ధనాన్ని మూడు విధాలుగా విభజించుకోవచ్చును. మొదటిది గ్రాంటు. దీనిని తిరిగి చెల్లించనక్కరలేదు. రెండవది సులభ షరతులపై లభించే రుణం. ప్రపంచ బ్యాంకు వర్గానికి చెందిన అంతర్జాతీయ అభివృద్ధి సంఘం 1960లో ఏర్పడినది ఇటువంటి రుణాల కొరకే. దీనిపై చిరకాలం వడ్డీ లేకుండా నూటికి ముప్పాతిక వంతు సేవా రుసుము మాత్రమే ఉండెడిది. తీర్చుటకు దశాబ్దాల గడువు ఉండెడిది. తలసరి ఆదాయం పెరిగిన కారణంగా 2014లో భారతదేశం ఈ సంఘపు సాధారణ రుణాలకు అర్హమైన దేశాల వర్గం నుండి వెలుపలికి వచ్చినది. మూడవది మార్కెటుకు సమీపమైన వడ్డీపై లభించే రుణం. ఒకే పథకంలో ఈ మూడు విధాల ధనమూ కలసి ఉండవచ్చును. కనుక ఏ పథకాన్ని గూర్చి వ్రాసినను ‘ఇంత సహాయం వచ్చినది’ అని ఒకే అంకె వేయుట శాస్త్రీయం కాదు.

ప్రభుత్వం రైతుకు బావి కొరకు ధనం ఇచ్చుట మన ప్రాంతానికి కొత్త విషయం కాదు. నిజాం కాలంలో ‘తకావీ’ అనే పేరుతో రైతులకు అప్పులు ఇచ్చేవారు. బలం చేకూర్చుట అనే అర్థం గల అరబ్బీ ధాతువు నుండి ఆ మాట పుట్టినది. రైతుకు బలం చేకూర్చునది ఏది, భారంగా మారునది ఏది అనేదే ఈనాటికీ మన ముందున్న ప్రశ్న.

3. ధనం నడిచే దారి

విదేశీ ధనం డాలరు రూపంలో పల్లెకు రాదు. సాధారణంగా రాష్ట్ర ప్రభుత్వం ముందుగా తన ఖజానా నుండి ఖర్చు చేస్తుంది. ఆ ఖర్చుకు లెక్కలు చూపి కేంద్ర ఆర్థిక మంత్రిత్వ శాఖకు పంపుతుంది. ఆ శాఖలోని విదేశీ సహాయపు లెక్కల విభాగం ఆ పత్రాలను పరిశీలించి ధనం ఇచ్చే సంస్థకు పంపుతుంది. అప్పుడు విదేశీ ద్రవ్యం రిజర్వు బ్యాంకుకు చేరుతుంది, రాష్ట్రానికి రూపాయలు వస్తాయి. పథకం మంజూరైన మొత్తానికీ, వాస్తవంగా అందిన మొత్తానికీ తరచుగా తేడా కనిపించుటకు ఇది ఒక ముఖ్య కారణం. లెక్క చూపనిదే ధనం రాదు.

కేంద్రం నుండి రాష్ట్రానికి వచ్చే షరతులు కూడా గమనింపదగినవి. 2005 మార్చి వరకు మన వంటి సాధారణ రాష్ట్రాలకు ఈ ధనాన్ని నూటికి 70 వంతులు రుణంగా, 30 వంతులు గ్రాంటుగా ఇచ్చే పద్ధతి ఉండెడిది. విదేశీ సంస్థ వడ్డీ లేకుండా ఇచ్చిన ధనమైనను రాష్ట్రానికి చేరేసరికి కేంద్రం నిర్ణయించిన వడ్డీతో కూడిన అప్పుగా మారెడిది. అయితే మారకపు రేటు మారినప్పుడు కలిగే నష్టాన్ని కేంద్రమే భరించెడిది. పన్నెండవ ఆర్థిక సంఘం సిఫారసు ననుసరించి 2005 ఏప్రిల్ నుండి ఈ పద్ధతి మారినది. విదేశీ సంస్థ ఏ షరతులపై ఇస్తే అవే షరతులు రాష్ట్రానికి వర్తిస్తాయి, మారకపు రేటు భారం కూడా రాష్ట్రానిదే. రూపాయి విలువ తగ్గిన ప్రతిసారీ పాత అప్పు రూపాయలలో పెరుగుతుందన్న మాట.

2014లో రాష్ట్ర విభజన జరిగినప్పుడు ఇంకొక ప్రశ్న తలెత్తినది. ఆంధ్రప్రదేశ్ పునర్వ్యవస్థీకరణ చట్టం, వేరు ఏర్పాటు లేనిచోట ప్రభుత్వ రుణాన్ని జనాభా నిష్పత్తిపై పంచవలెనని నిర్దేశించినది. ఆ నిష్పత్తిలో తెలంగాణకు నూటికి 41.68 వంతులు వచ్చినవి. ఆనాటి అప్పులో ఏ భాగం ఏ జిల్లాలో ఏ పనికి ఉపయోగపడినదో తెలిసికొనుట ఇరు రాష్ట్రాల పౌరులకూ అవసరమైన విషయమే.

4. మన జిల్లాలకు వచ్చిన పథకాలు

స్వాతంత్ర్యానంతరం గ్రామసీమలకు విదేశీ తోడ్పాటు 1952లో సమష్టి అభివృద్ధి పథకం రూపంలో వచ్చినది. ఆ సంవత్సరం జనవరిలో అమెరికాతో సాంకేతిక సహకార ఒప్పందం జరిగినది. అక్టోబరు 2న దేశమంతటా 55 చోట్ల పథకం ఆరంభమైనది. ఫోర్డు ఫౌండేషను కూడా తోడ్పడినది. ‘బ్లాకు’, ‘గ్రామసేవకుడు’ అనే మాటలు మన గ్రామీణులకు పరిచయమైనది ఆ కాలంలోనే.

తరువాతిది నాగార్జునసాగరు. 1955 డిసెంబరు 10న శంకుస్థాపన జరిగి 1967 ఆగస్టులో కాలువలకు నీరు వదలబడినది. 1976లో ప్రపంచ బ్యాంకు నీటిపారుదల, ఆయకట్టు అభివృద్ధి పథకం ద్వారా ఈ ఆయకట్టుకు తోడ్పాటు లభించినది. మిర్యాలగూడ, హుజూర్‌నగర్ ప్రాంతాలు సస్యశ్యామలమైనవి. ఆనకట్ట నల్లగొండ జిల్లాలోనే ఉన్నను, ఎత్తున ఉన్న రామన్నపేట, మునుగోడు, దేవరకొండ వైపు భూములకు ఎడమ కాలువ నీరు ఎక్కలేదు. ఒకే జిల్లాలో ఒక సగం కాలువ క్రిందకు, మరొక సగం బావి క్రిందకు వచ్చినది. జిల్లా సగటు అంకెలను చూచి తృప్తిపడే పరిశోధకునికి ఈ భేదం కనిపించదు.

బావి క్రింది ప్రాంతానికి ధనం వచ్చిన దారి వేరు. భూమి తనఖా బ్యాంకులు రైతులకు బావులకు, మోటార్లకు దీర్ఘకాలిక రుణాలిచ్చినవి. 1963లో ఏర్పడిన వ్యవసాయ రీఫైనాన్సు కార్పొరేషను ఆ బ్యాంకులకు వెనుక నుండి ధనం సమకూర్చినది. 1971లో ప్రపంచ బ్యాంకు ఆంధ్రప్రదేశ్ వ్యవసాయ పరపతికి ఇచ్చిన రుణం ఈ మార్గంలో వచ్చినదే. 1982లో నాబార్డు ఏర్పడి ఈ బాధ్యతను స్వీకరించినది. మోటబావి స్థానంలో మోటారు, పిదప బోరు రావడానికి రైతుల కష్టంతోపాటు ఈ ఆర్థిక వ్యవస్థ కూడా కారణమైనది.

1995లో నెదర్లాండ్స్ ప్రభుత్వ తోడ్పాటుతో ‘ఏపీవెల్’ అనే పథకం ఆరంభమై 2003 వరకు నడిచినది. నల్లగొండ, మహబూబ్‌నగర్‌లతో సహా ఏడు కరువు జిల్లాలలో సుమారు 14 వేల సన్నకారు, చిన్నకారు రైతు కుటుంబాలకు బోరు నీరు కల్పించుట దీని ఫలితం. ఒక బోరును కొన్ని కుటుంబాలు కలసి వాడుకొనుట ఇందులోని విశేషం.

1999లో బ్రిటిష్ ప్రభుత్వపు అంతర్జాతీయ అభివృద్ధి శాఖ గ్రాంటుతో గ్రామీణ జీవనోపాధుల పథకం వచ్చినది. అనంతపురం, కర్నూలు, ప్రకాశం, మహబూబ్‌నగర్, నల్లగొండ జిల్లాలు దీని పరిధి. మొత్తం సుమారు నాలుగున్నర కోట్ల పౌండ్లు. హనుమంతరావు సంఘం సూచనలను బట్టి 1995 నుండి అమలులోనికి వచ్చిన వాటర్‌షెడ్ పద్ధతిలో సుమారు 500 హెక్టార్ల నేలను ఒక ఘటకంగా తీసికొని కట్టలు, కుంటలు, చెక్‌డ్యాములు నిర్మించేవారు. అయితే కట్ట వేస్తే లాభం భూమి గలవానికే. భూమి లేనివారి మాటేమిటి? ఈ పథకం మహిళా సంఘాల ద్వారా భూమి లేనివారి జీవనోపాధులకు కూడా కొంత ధనం కేటాయించినది. కౌలుదారులు, కూలీలు, చిల్లర వర్తకం, చేతివృత్తులపై ఆధారపడిన మన ముస్లిం కుటుంబాలు, నేతపనివారు, వీరందరికీ అందులో ఎంత భాగం అందినదనేది ప్రత్యేకంగా పరిశోధింపదగిన అంశం.

ఇదే కాలంలో ప్రపంచ బ్యాంకు రుణంతో ‘వెలుగు’ పథకం 2000లో మహబూబ్‌నగర్‌తో సహా ఆరు జిల్లాలలో ఆరంభమై, 2003 తరువాత నల్లగొండతో సహా తక్కిన గ్రామీణ జిల్లాలకు విస్తరించినది. మహిళా పొదుపు సంఘాలను బ్యాంకులతో కలుపుటలో దీని పాత్ర గొప్పది.

5. బావి చెప్పే పాఠం

పై పథకాలన్నింటినీ వరుసగా పరిశీలిస్తే ఒక విషయం స్పష్టపడుతుంది. ధనం వ్యక్తికి ఇవ్వబడుతున్నది, నీరు మాత్రం అందరిది. మన నేల క్రింద నీరు నదివలె ప్రవహించదు. రాతి పగుళ్లలో, మెత్తబడిన పొరలో కొద్ది కొద్దిగా నిలిచి ఉంటుంది. ఒక రైతు బ్యాంకు అప్పుతో లోతైన బోరు వేస్తే పక్క పొలంలోని పాత బావి ఎండిపోవచ్చును. బ్యాంకు లెక్కలో మొదటి రైతు సఫలుడు. రెండవ రైతు ఏ లెక్కలోనూ లేడు. అతడు కూడా ఇంకొక బోరు కొరకు వడ్డీ వ్యాపారి వద్దకు పోతాడు. నీరు పడకపోయినను అప్పు మిగులుతుంది. ఈ ప్రాంతంలో రైతు ఆత్మహత్యల వెనుక విఫలమైన బోర్ల అప్పులు ఉన్న సంగతి అందరూ ఎరిగినదే. అప్పుతో బావుల సంఖ్య పెంచవచ్చును గాని వర్షాన్ని పెంచలేము.

లోతుకు పోయిన కొలది మరొక ప్రమాదం కూడా ఉన్నది. నల్లగొండ జిల్లాలో భూగర్భ జలంలోని ఫ్లోరైడు ఎందరి ఎముకలను వంచినదో మనకు తెలుసు. ఈ బాధను దేశం దృష్టికి తెచ్చుటకు 1996 లోక్‌సభ ఎన్నికలలో నల్లగొండ స్థానంలో 480 మంది అభ్యర్థులు పోటీ చేసినారు. తరువాతి కాలంలో 2015 జూన్‌లో చౌటుప్పల్‌లో పైలాన్ ఆవిష్కరణతో మొదలైన మిషన్ భగీరథకు హడ్కో, నాబార్డు, ఇతర బ్యాంకుల నుండి రుణాలు తీసికొనబడినవి. ఇక్కడ విదేశీ దాత లేడు. అయినను అప్పు ఎవరిది, ఎంతకాలం, పనితీరు ఎట్లున్నది అనే ప్రశ్నలు అవే. కనుక స్వదేశీ అభివృద్ధి రుణాన్ని కూడా అదే శ్రద్ధతో పరిశీలింపవలసి ఉన్నది.

నెదర్లాండ్స్ పథకపు తరువాతి చరిత్ర మనకు గొప్ప పాఠం. 2003లో భారత ప్రభుత్వం కొద్ది దేశాల నుండి మాత్రమే ప్రత్యక్ష సహాయం స్వీకరింపవలెనని నిర్ణయించినది. ఆ జాబితాలో నెదర్లాండ్స్ లేదు. అటుపిమ్మట ఆ దేశపు ధనం ఐక్యరాజ్యసమితి ఆహార వ్యవసాయ సంస్థ, స్వచ్ఛంద సంస్థల ద్వారా అవే ఏడు జిల్లాలకు వచ్చినది. ఈసారి బోర్లు వేయుట పని కాదు. రైతులే వర్షపాతం కొలుచుట, బావులలో నీటిమట్టం గుర్తించుట, రబీకి ముందు ఊరివారంతా కూర్చుండి ఉన్న నీరెంత, వేయదలచిన పంటకు కావలసినదెంత అని లెక్క వేసికొనుట. వరికి ఎంత, కందికి ఎంత అని తెలిసికొన్న పిదప నిర్ణయం రైతుదే. బావులు త్రవ్విన ధనం వెనుకనే ఆ బావులలోని నీటిని లెక్కించే ధనం రావలసి వచ్చినదంటే మొదటి లెక్కలో ఏదో లోపించినదని అర్థం.

6. పరిశోధనా పద్ధతి

ఈ విషయంలో మనకు మార్గదర్శకులు లేకపోలేదు. ఆచార్య ఎస్. కేశవ అయ్యంగార్ 1929–30లో హైదరాబాదు రాష్ట్రపు గ్రామాలలో ఆర్థిక పరిశీలన జరిపి రైతుల అప్పులను ఇంటింటి లెక్కతో గ్రంథస్థం చేసినారు. 1949–51లో మరల అటువంటి విచారణ జరిపినారు. 1972లో పటాన్‌చెరువులో నెలకొన్న ఇక్రిశాట్ సంస్థ 1975 నుండి మహబూబ్‌నగర్ జిల్లాలోని అవురేపల్లె, దోకూరు గ్రామాలలో పరిశోధకులను నివసింపజేసి, అవే కుటుంబాల ఆదాయ వ్యయాలను ఏండ్ల తరబడి నమోదు చేయించినది. ఆ సంస్థ కూడా విదేశీ ధనంతో నెలకొన్నదేనని గుర్తుంచుకోవాలి. ఒక్కసారి పోయి ప్రశ్నలు వేసి రావడానికీ, ఒకే ఊరిని కరువులోనూ వానలోనూ చూచుటకూ గల తేడాను ఆ అధ్యయనాలు చూపినవి.

మన కళాశాల విద్యార్థికి ధనం లేకపోయినను ఈ క్రింది పనులు సాధ్యమే.

మొదటిది, పత్రాల పరిశీలన. ప్రపంచ బ్యాంకు ప్రతి పథకానికి ఆరంభంలో ఒక అంచనా నివేదిక, ముగింపులో ఒక నివేదిక ప్రచురిస్తుంది. ఈ రెండింటినీ పక్కపక్కన ఉంచి చదవాలి. మొదటి దానిలోని లక్ష్యాలు రెండవ దానిలో ఎట్లు మారినవో, ఏవి మాయమైనవో గుర్తించాలి. కాగ్ తనిఖీ నివేదికలను కూడా చేర్చుకోవాలి.

రెండవది, ఊరి లెక్కలు. పాత పహాణీలలో ఏ సర్వే నంబరులో ఏ పంట, ఏ నీటి వసతి అని వ్రాసి ఉంటుంది. 1954–55 నాటి ఖాస్రా పహాణీతో మొదలుపెట్టి కొన్ని సంవత్సరాల పహాణీలను పోల్చితే ఒక ఊరి నీటి చరిత్ర తయారవుతుంది. పాత పత్రాలలోని ఉర్దూ మాటలు చదువగలుగుట మన విద్యార్థులకు గల ఒక సౌలభ్యం. 2005 నాటి సమాచార హక్కు చట్టం క్రింద దరఖాస్తు చేయవచ్చును. మన రాష్ట్ర నిబంధనల ప్రకారం గ్రామస్థాయిలో రుసుము లేదు, మండల స్థాయిలో 5 రూపాయలు, ఆపైన 10 రూపాయలు. జవాబుకు గడువు 30 రోజులు.

మూడవది, పోలిక. పథకం వచ్చిన ఊరిని మాత్రమే చూచి దాని ఫలితం చెప్పలేము. అటువంటి నేల, అటువంటి వర్షపాతం గల, పథకం రాని ఊరిని కూడా చూడాలి. వర్షాన్ని మరువరాదు. 2002లో దేశమంతటా తీవ్రమైన కరువు వచ్చినది. ఆ సంవత్సరాన్ని ఆరంభంగా తీసికొంటే ఏ పథకమైనను విజయంగా కనిపిస్తుంది, ముగింపుగా తీసికొంటే ఏ పథకమైనను వైఫల్యంగా కనిపిస్తుంది.

నాల్గవది, ప్రశ్నింపదగిన మనుషులు. సర్పంచునూ, సంఘం అధ్యక్షురాలినీ అడిగి తిరిగి వచ్చుట పరిపాటి అయినది. కౌలు రైతును, బావి ఎండినవానిని, సంఘంలో చేరనివారిని, వలసపోయి వచ్చినవారిని అడగాలి. వారి పేర్లు వ్రాతలో బయటపెట్టరాదు. అప్పు విషయం అడిగేటప్పుడు మర్యాద అవసరం. పదిమంది ఎదుట ఎవరూ తమ అప్పు చెప్పుకోరు.

ఐదవది, కాలం. బ్రిటిష్ ప్రభుత్వం 2012లో ప్రకటించినట్లు భారతదేశానికి ఆర్థిక గ్రాంట్లను 2015 నాటికి ముగించినది. దాతలు వెళ్లిపోయినారు. వారి పథకపు చెక్‌డ్యాములో నేడు పూడిక ఎంత? ఆనాటి సంఘం నేడు సమావేశమవుతున్నదా? ఉమ్మడి బోరుకు మోటారు కాలిపోతే మరమ్మతు ఖర్చు ఎవరు పెట్టుచున్నారు? ఈ ప్రశ్నలు అడుగుటకు ఇప్పుడు దాతల ప్రతినిధులు ఎవరూ రారు. ఇక్కడ ఉన్నది మనమే.

7. ముగింపు

విదేశీ ధనం అంతా మేలు చేసినదని గాని, అంతా కీడు చేసినదని గాని తీర్పు చెప్పుట ఈ వ్యాసపు ఉద్దేశం కాదు. సాగరు కాలువలు, పొదుపు సంఘాలు, రైతుల నీటి లెక్కలు మన జీవితంలో భాగమైనవి. ఎండిన బోర్లు, తీరని అప్పులు కూడా భాగమైనవే. ఒక పథకం మంచిదో కాదో నిర్ణయించుటకు మూడు ప్రశ్నలు చాలునని మేము భావిస్తున్నాం. లాభం ఎవరికి చేరినది? అప్పు ఎవరి పేర మిగిలినది? పథకం పోయిన పదేండ్లకు నీరు మిగిలినదా?

రామన్నపేట మండలంలో సిరిపురం, వెల్లంకి, మునిపంపుల, జనంపల్లి వంటి గ్రామాలు మన కళ్ల ఎదుటనే ఉన్నవి. వీటిలో ఒక్కొక్క ఊరిని ఒక్కొక్క విద్యార్థి తీసికొని, ఈ వేసవి సెలవులలో బావుల పట్టిక ఒకటి తయారు చేయవచ్చును. బావి ఎప్పుడు త్రవ్వినది, ఎవరి ధనంతో, ఎంత లోతు, ఏ సంవత్సరం వరకు నీరున్నది, అప్పు తీరినదా అనే ఐదు గడులు చాలు. నోటుపుస్తకం, కలం, నాలుగు ఊళ్లు నడిచే ఓపిక ఉంటే ఈ పని జరుగుతుంది. అటువంటి పట్టికలు పది సమకూరిననాడు, మన ప్రాంతానికి రాబోయే ఏ రుణాన్ని గూర్చి అయినను మనం ఆధారాలతో మాట్లాడగలుగుతాం.